నడుము కొలవని మెటబాలిక్ ప్యాకేజీ: 5 లో 3 స్టార్లు

ముందే చెప్పేస్తాను, రక్తం తీసిన తీరుకీ రిపోర్టు చెప్పిన టైముకి పంపినందుకూ ఈ ల్యాబ్‌కి నేను వంక పెట్టను. పేరు కూడా రాయను, ఎందుకంటే చివరికి వాళ్ళు తప్పు ఒప్పుకుని సరిచేశారు, ఇంకా పేరు పెట్టి తిట్టడం బాగోదు. కానీ 'మెటబాలిక్ హెల్త్ ప్యాకేజీ' అని బోర్డు పెట్టి, మెటబాలిక్ సిండ్రోమ్‌ను (నడుము, బీపీ, షుగర్, రక్తంలో కొవ్వుల తేడాలు కొన్ని ఒకే ఒంట్లో కలిసి చేరడాన్ని) పట్టుకోవడానికి కావలసిన 5 కొలతల్లో అన్నిటికన్నా తేలికైనది, ఒక టేపు ముక్కతో నిమిషంలో అయిపోయేది, అసలు తీసుకోకుండానే మనిషిని ఇంటికి పంపేస్తే ఏమనాలి? అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారే, అలాగుంది.

నన్ను పడేసింది వాళ్ళ ప్రకటనలో ఒక వాక్యం. 'అభివృద్ధి చెందిన దేశాల్లో ప్రతి నలుగురిలో ఒకరికి మెటబాలిక్ సిండ్రోమ్. ఆ ఒకరు మీరేనా?' అని. చదివితే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, నాకూ వచ్చింది. నలభై దాటాను, రోజంతా కూర్చుని చేసే పని, ఫొటో తీస్తున్నారంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కునే వయసు. మా ఆవిడకీ నాకూ కలిపి బుక్ చేసేశాను.

వెళ్ళిన రోజు సంగతి తొందరగా చెప్పేస్తాను, అందులో గొడవేం లేదు. రాత్రి నుంచి పది గంటలు ఏమీ తినకుండా రమ్మన్నారు, వెళ్ళాం, పావుగంటలో రక్తం తీశారు, ఒక్క పోటుతోనే అయిపోయింది. బీపీ తీసినామె గురించి మాత్రం ప్రత్యేకంగా రాయాలి. రాగానే చేతికి పట్టీ చుట్టేయలేదు. ఐదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమంది, మాట్లాడొద్దంది, చెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టించింది, రెండుసార్లు కొలిచి సగటు రాసింది. ఇంత పద్ధతిగా బీపీ చూడటం నేను ఇదే మొదటిసారి చూడటం. ఒక స్టార్ పూర్తిగా ఆమెదే. తర్వాత ఎత్తు, బరువు ఒక పెద్ద మెషీన్ మీద తీసుకున్నారు, అది గొంతు పెట్టి అంకెలు చదివింది కూడా. అంతే, అయిపోయింది, వెళ్ళొచ్చన్నారు. టేపు అనే వస్తువు ఆ గదిలో ఎక్కడా కనిపించలేదు. అప్పుడు నాకు అది తట్టలేదు, అబద్ధం ఎందుకు.

ఆ సాయంత్రమే రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. ముప్పై పేజీల పైనే ఉంది, రంగురంగుల బొమ్మలు, గుండె బొమ్మ, కాలేయం బొమ్మ. మూడో పేజీలో అసలు విషయం ఉంది. 5 అంశాల పట్టిక, కింద తీర్పు: '5 లో 2. మీకు మెటబాలిక్ సిండ్రోమ్ లేదు.' పక్కనే ఆకుపచ్చ టిక్కు. హమ్మయ్య అనుకుని ఫోన్ పక్కన పడేశాను. రాత్రి మళ్ళీ తీసి చూస్తే ఆ పట్టికలో నడుము దగ్గర 'నమోదు కాలేదు' అని ఉంది. 5 లో ఒకటి కొలవనే లేదు, మరి 5 లో 2 అని ఎలా అంటారు? అనాల్సి వస్తే 4 లో 2 అనాలి. పరీక్షలో ఒక ప్రశ్నకు జవాబు రాయని పిల్లాడిని పాసు చేసినట్టుంది.

ఆ 5 ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెప్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. నడుము చుట్టుకొలత ఎక్కువ ఉండటం. ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు, డెసిలీటరుకి 150 మి.గ్రా. లేదా అంతకు మించి ఉండటం. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మగవాళ్ళకి 40 కంటే, ఆడవాళ్ళకి 50 కంటే తక్కువ ఉండటం. బీపీలో పై అంకె 130 గానీ కింది అంకె 85 గానీ అందుకోవడం. పరగడుపు షుగర్ 100 అందుకోవడం. వీటిలో ఏ 3 కలిసినా మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. బీపీకో షుగర్‌కో మందులు వాడుతూ అంకెలు బాగున్నా అవి కూడా లెక్కలోకే వస్తాయి. ఇందులో ఏదీ విడిగా చూస్తే భయపడేంత పెద్దది కాదు, 132 బీపీ చూసి ఎవరూ ఆసుపత్రికి పరిగెత్తరు. కానీ మూడు కలిసి ఒకే ఒంట్లో చేరాయంటే గుండె జబ్బుల ముప్పు సుమారు రెట్టింపు, టైప్ 2 షుగర్ ముప్పు సుమారు ఐదు రెట్లు అని నిపుణులు చెప్తారు. కాబట్టి ఇలాంటి ప్యాకేజీ వల్ల ఉపయోగం ఉంది, అందులో నాకు సందేహం లేదు, విడివిడిగా 'పర్లేదులే' అనిపించే అంకెల్ని ఒక్కచోట పెట్టి చూపించడమే దాని పని.

ఇప్పుడు నా అంకెలు. బీపీ 132/84, ట్రైగ్లిజరైడ్లు 168, హెచ్‌డీఎల్ 41, పరగడుపు షుగర్ 102. వేళ్ళ మీద లెక్కపెట్టండి. బీపీ ఒకటి, ట్రైగ్లిజరైడ్లు రెండు, షుగర్ మూడు. నడుము కొలవకుండానే మూడయ్యాయి! మరి రిపోర్టు రెండే అంటుందేం? షుగర్ వరుసలో చిన్న అక్షరాల్లో చూస్తే హద్దు '110' అని ఉంది. 2001 లో అమెరికాలో జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం వాళ్ళు ఈ 5 అంశాల పద్ధతిని పెట్టినప్పుడు షుగర్ హద్దు 110 అన్నమాట నిజమే. కానీ 2005 లోనే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు దాన్ని 100 కి దించేశారు. ఈ ల్యాబ్ సాఫ్ట్‌వేర్‌కి ఆ వార్త ఇంకా అందలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక టేపు తీసుకుని నడుము కొలుచుకున్నాను. ఇది కూడా అనుకున్నంత సులువు కాదండోయ్. నాలాంటివాళ్ళం ప్యాంటు సైజే నడుము అనుకుంటాం, ఎందుకంటే బెల్టు పొట్ట కింద ఉంటుంది, పొట్ట దాని మీదుగా ముందుకు వాలుతుంది, సైజు మాత్రం పదేళ్ళుగా మారదు. బెల్టు దగ్గర కొలిస్తే 89 సెం.మీ. వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే చోటు వేరే: చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్య, టేపు నేలకు సమాంతరంగా, బిగించకుండా, ఊపిరి మామూలుగా వదిలాక. అక్కడ కొలిస్తే 93. నాలుగు సెంటీమీటర్లు నా బెల్టు దాచిపెట్టింది.

93 ఎక్కువా తక్కువా? ఇక్కడే అసలు కథ మొదలు. 2001 నాటి అమెరికా లెక్క ప్రకారం మగవాళ్ళకి హద్దు 102 సెం.మీ., ఆడవాళ్ళకి 88. ఆ లెక్కన నేను సన్నగా ఉన్నట్టే. 2005 లో ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ వచ్చి ఒకే హద్దు అందరికీ పనికిరాదు అంది. యూరప్ మూలాల మగవాళ్ళకి 94, దక్షిణాసియా మూలాల మగవాళ్ళకి 90, రెండు మూలాల ఆడవాళ్ళకీ 80 అని పెట్టింది. ఎందుకంటే మన ఒళ్ళు తక్కువ బరువులోనే పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు పోగేసుకుంటుంది, పైకి సన్నగా కనిపిస్తూనే లోపల ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకుండా పోతుంది. ఆ లోపలి కొవ్వు నుంచి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరతాయి, కాలేయం వాటిని ట్రైగ్లిజరైడ్లుగా చేసి రక్తంలోకి వదులుతుంది, దాంతో హెచ్‌డీఎల్ పడిపోతుంది, షుగర్ మెల్లగా పాకుతుంది. మెషీన్ మీద ఎత్తూ బరువూ చూస్తే ఇది తెలియదు. ఈ రివ్యూ చదివే తెలుగువాళ్ళు ఏ దేశంలో ఉన్నా సరే, రిపోర్టులో 102 అని హద్దు కనిపిస్తే ఆ గీత మీ కోసం గీసింది కాదు.

కాబట్టి పాత లెక్కలో నాకు 5 లో 2, కొత్త లెక్కలో 5 లో 4. రక్తం అదే, పొట్ట అదే. రాత్రి ఆరోగ్యంగా పడుకున్నవాడిని పొద్దునకల్లా సిండ్రోమ్ వాడినయ్యాను.

ఇది నా ఒక్కడి తమాషా కాదు, దేశాలకు దేశాలకే ఇలా జరిగింది. ఆ 'నలుగురిలో ఒకరు' అనే ప్రకటన మీద నాకు కోపం అందుకే. ఎవరి లెక్క? ఏ సంవత్సరం? ఏ వయసు? ఒక్కటీ ఉండదు. అమెరికాలో 1988 నుంచి 1994 వరకు జరిగిన జాతీయ ఆరోగ్య సర్వే సమాచారాన్ని 2001 నాటి హద్దులతో లెక్కేసి 2002 లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వేశారు, 20 ఏళ్ళు దాటినవాళ్ళలో 23.7 శాతం అని తేలింది. 'నలుగురిలో ఒకరు' అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. అంటే ఆ రక్తం శాంపిళ్ళు ముప్పై ఏళ్ళ కిందటివి. అదే సర్వే 1999 నుంచి 2002 వరకు నడిచినప్పుడు అమెరికా పద్ధతిలో 34.5 శాతం వచ్చింది, అవే మనుషుల్ని డయాబెటిస్ ఫెడరేషన్ హద్దులతో లెక్కేస్తే 39 శాతం. మనుషులు మారలేదు, టేపు మీద గీత జరిగింది, అంతే. 2015–16 కి వచ్చేసరికి 36.9 శాతం. కాబట్టి అమెరికా సంగతైతే నలుగురిలో ఒకరు కాదు, ముగ్గురిలో ఒకరికి పైనే.

ఆస్ట్రేలియా లెక్క ఇంకా బాగుంటుంది. 1999–2000 లో అక్కడ దేశవ్యాప్తంగా ఒక పెద్ద డయాబెటిస్ సర్వే చేశారు, 25 ఏళ్ళు దాటినవాళ్ళ మీద. ఆ ఒక్క గుంపునే నాలుగు నిర్వచనాలతో లెక్కేశారు. ఇన్సులిన్ నిరోధకత (ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం) తప్పనిసరిగా ఉండాలన్న యూరప్ బృందం పద్ధతిలో 13.4 శాతం, ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో 21.7, అమెరికా పద్ధతిలో 22.1, డయాబెటిస్ ఫెడరేషన్ పద్ధతిలో 30.7. ఒకే జనం, ఒకే ఏడాది, కింద అంకెకీ పై అంకెకీ రెండు రెట్లకు పైగా తేడా! ఇది చూశాక ఎవరైనా 'ఇంత శాతం మందికి ఉంది' అని ఒక్క అంకె చెప్తే, ఏ టేపుతో కొలిచావు నాయనా అని అడగబుద్ధేస్తుంది.

జపాన్ వాళ్ళది మరో దారి. 2008 నుంచి 40 ఏళ్ళకీ 74 ఏళ్ళకీ మధ్య ఉన్నవాళ్ళందరికీ ఏటా జరిగే ఆరోగ్య పరీక్షలో నడుము కొలత పెట్టేశారు, 'మెటాబో' అన్నది అక్కడ వాడుక మాటైపోయింది. వాళ్ళ హద్దు మగవాళ్ళకి 85, ఆడవాళ్ళకి 90. మిగతా లోకమంతా ఆడవాళ్ళకి తక్కువ హద్దు పెడితే వాళ్ళు ఎక్కువ పెట్టారు, దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది. వాళ్ళ హద్దు సంగతి ఎలా ఉన్నా, ఒక దేశం మొత్తానికి టేపు పట్టుకునే తీరిక దొరికింది, ఈ ల్యాబ్‌కి దొరకలేదు.

ఇంకోటి, వయసు. ఇందాకటి అమెరికా సర్వేలో 23.7 అనేది సగటు. అదే సర్వేలో 20ల్లో ఉన్నవాళ్ళలో 6.7 శాతమే, 60ల్లో ఉన్నవాళ్ళలో 43.5 శాతం. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికీ అరవై అయిదేళ్ళ ఆయనకీ 'నలుగురిలో ఒకరు' అని ఒకే కాగితం ఇస్తే ఒకరిని ఊరికే భయపెట్టినట్టు, ఇంకొకరిని ఊరికే నిద్రపుచ్చినట్టు. అయితే కుర్రాళ్ళు కూడా నిశ్చింతగా ఉండేలా లేదు, అమెరికాలోనే 20 నుంచి 39 ఏళ్ళవాళ్ళలో 2011–12 లో 16.2 శాతం ఉన్నది నాలుగేళ్ళలోనే 21.3 కి చేరింది.

మా ఆవిడ రిపోర్టు గురించి కూడా చెప్పాలి, అందులో వేరే తప్పు దొరికింది. ఆమె హెచ్‌డీఎల్ 46. పక్కన '40 పైన నార్మల్' అని ఆకుపచ్చ టిక్కు. ఆడవాళ్ళకి హద్దు 50 కదా? మగవాళ్ళ హద్దే అందరికీ అంటించేశారు. ఇంట్లో కొలిస్తే నడుము 84. అంటే 5 లో సున్నా అన్న మనిషికి నిజానికి 2. సిండ్రోమ్ కాదు, కానీ సున్నాకీ రెండుకీ తేడా లేదా? 'నీకేం లేదులే' అని ఆమెను ఏడిపించిన నేను ఆ రాత్రి నోరు మూసుకున్నాను.

ఫిర్యాదు సంగతి. మొదటి మెయిల్‌కి వచ్చిన జవాబు అందరికీ వచ్చేదే: మీ అభిప్రాయం మాకు విలువైనది, వైద్యుణ్ణి సంప్రదించండి. ప్యాకేజీలోనే వైద్యుడు ఉన్నాడయ్యా, ఆయనతో ఫోన్లో మాట్లాడాను, ఆయన కూడా ఆ ఆకుపచ్చ టిక్కు చూసే 'అంతా బాగుంది' అన్నాడు అని రెండో మెయిల్ పెట్టాను, ఈసారి 5 వరుసలూ, హద్దులూ, ఏ సంవత్సరంలో ఏం మారిందో అన్నీ రాసి. నాలుగు రోజులకి అక్కడి పెద్ద డాక్టరు స్వయంగా ఫోన్ చేశారు.

"మీరు రాసింది కరెక్టేనండీ. సాఫ్ట్‌వేర్‌లో పాత హద్దులు ఉండిపోయాయి, మేం చూసుకోలేదు. ఇద్దరూ ఒకసారి రండి, నడుము కొలిచి రిపోర్టు మార్చి ఇస్తాం" అన్నారు.

సాకులు చెప్పలేదు, అది నచ్చింది. వెళ్ళాం. టేపు పట్టుకున్న కుర్రాడు చొక్కా మీద నుంచే కొలిచి 95 అన్నాడు. చొక్కా ఎత్తి మళ్ళీ కొలవమంటే 93. కొత్త రిపోర్టులో నాకు 5 లో 4, మా ఆవిడకి 5 లో 2, పట్టిక కింద '2009 ఉమ్మడి నిర్వచనం ప్రకారం' అని ఒక ముక్క కూడా చేర్చారు. ఆ ఏడాదే డయాబెటిస్ ఫెడరేషన్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ లాంటి సంస్థలన్నీ ఒక మాట మీదికి వచ్చి, ఏ 3 ఉన్నా చాలు, నడుము తప్పనిసరేం కాదు, కానీ నడుము హద్దు మాత్రం జనాన్ని బట్టి, దేశాన్ని బట్టి ఉండాలి అని తేల్చాయి. ఆ ఒక్క వాక్యం చేర్చినందుకు రెండో స్టార్.

అయినా ఈ పేరు తగిలించడం అవసరమా అనే డాక్టర్లు కూడా ఉన్నారు, వాళ్ళ మాట కొట్టిపారేయలేం. దీన్ని 1988 లో జెరాల్డ్ రీవెన్ అనే అమెరికా డాక్టరు 'సిండ్రోమ్ ఎక్స్' అని పరిచయం చేశాడు, విచిత్రమేమిటంటే ఆయన జాబితాలో ఊబకాయం లేనే లేదు, ఇన్సులిన్ నిరోధకతే మూలం అన్నాడు. 2005 లో అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు రెండూ కలిసి, ఈ లేబుల్ వల్ల విడివిడి అంశాలు చెప్పేదానికన్నా ఎక్కువ ఏం తెలుస్తోందో స్పష్టంగా లేదు, రోగికి పేరు తగిలించడం కన్నా ఉన్న ఒక్కో సమస్యనీ సరిచేయండి అన్నాయి. నాకైతే ఆ పేరు పనికొచ్చింది. 102 షుగర్ అని విడిగా చెప్తే 'బోర్డర్‌లోనే ఉందిగా' అనేవాడిని, 132 బీపీకి 'ఆ రోజు టెన్షన్‌లో ఉన్నా' అనేవాడిని, ప్రతి అంకెకీ ఒక సాకు నా దగ్గర రెడీ. నాలుగూ కలిపి ఒక పేరు పెట్టేసరికి సాకులు అయిపోయాయి.

రిపోర్టులో చివరి పది పేజీల 'జీవనశైలి సలహాలు' గురించి పెద్దగా చెప్పడానికి లేదు, ఎవరికైనా అతికే మాటలు. అసలు అక్కడ రాయాల్సిన సంగతి ఒకటుంది, రాయలేదు: షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ళ మీద అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి శ్రమ, ఈ రెండూ లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళకి షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకున్నవాళ్ళకి 31 శాతం. మెటబాలిక్ సిండ్రోమ్ కొత్తగా రావడం కూడా మొదటి గుంపులో 41 శాతం, మాత్రల గుంపులో 17 శాతం తగ్గింది. పది పేజీల బొమ్మల బదులు ఈ మూడు లైన్లు వేస్తే నేను ఆ కాగితం గోడకి అంటించుకునేవాడిని.

సరే, స్టార్లు. బీపీ తీసినామెకి ఒకటి, తప్పు ఒప్పుకుని నిర్వచనం పేరుతో సహా రిపోర్టు మార్చినందుకు ఒకటి, రక్తం, టైము, మర్యాద అన్నిటికీ కలిపి ఒకటి. ఈ ప్యాకేజీ తీసుకునేవాళ్ళు రిపోర్టులో షుగర్ హద్దు 100 ఉందా, ఆడవాళ్ళకి హెచ్‌డీఎల్ 50 ఉందా, నడుము దగ్గర అంకె ఉందా, ఈ మూడూ చూసుకోండి, వెళ్ళేటప్పుడు టేపు కూడా జేబులో వేసుకెళ్ళండి, చొక్కా మీద కొలిస్తే ఒప్పుకోకండి.

మిగిలిన రెండు స్టార్లు ఎందుకు ఇవ్వలేదంటే, ఒకటి మా ఇద్దరి ఆకుపచ్చ టిక్కులకి పోయింది. రెండోది ఆ ప్రకటనకి. 'నలుగురిలో ఒకరు' పక్కన సంవత్సరం, దేశం, నిర్వచనం వేయమని మూడో మెయిల్ పెట్టి నెల దాటింది. మొన్న చూస్తే అదే వాక్యం, అక్షరాలు మాత్రం ఇంకాస్త పెద్దవి చేశారు.